వారం అంటే ఏంటి? మందుల గురించి అడగడం, చెప్పడం

మన క్లబ్బు పాఠాల శీర్షికలో ఇప్పటిదాకా ఛందస్సు, సామెతలు, మాండలికాలు వచ్చాయి. ఈసారి నేను రాస్తున్నది మందుల చీటీ భాష గురించి. దీనికీ సాహిత్యానికీ ఏం సంబంధం అని సీనియర్లు అడగొచ్చు. ఒక మాటకు రెండు అర్థాలు వస్తే పద్యంలో దాన్ని శ్లేష అని మెచ్చుకుంటాం. మందు చీటీలో అదే జరిగితే మనిషి ఆసుపత్రి పాలవుతాడు. అందుకని ఇది కూడా భాషా పాఠమే అని నా వాదన.

మాది కల్లూరు. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ దాటి సత్తుపల్లి వెళ్ళే రోడ్డు మీద ఉంటుంది. ఒక పక్క సాగర్ ఎడమ కాలువ నీళ్ళు, వరి, మిర్చి. తల్లాడ దగ్గర కొత్తగూడెం వైపు తిరిగితే అడవి, ఆ పైన భద్రాచలం. 2016లో జిల్లాలు మారినప్పుడు మా ఊరు రెవెన్యూ డివిజన్ కేంద్రం అయింది గానీ, పెద్ద డాక్టరుకు చూపించుకోవాలంటే మావాళ్ళు ఇప్పటికీ బస్సెక్కాల్సిందే. మా నాయనమ్మకు కీళ్ళవాతం. వేళ్ళు వాచిపోయి పొద్దున్నే చెంబు కూడా పట్టుకోలేకపోయేది. సిటీలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే పరీక్షలు చేసి మందులు రాశారు. బయట షాపులో మందులు కట్టిన కవరు మీద పెన్నుతో గీతలు గీసిచ్చారు. ఇంటికొచ్చి చూస్తే కవరు మీద ఒకటుంది, చీటీ మీద ఇంకేదో ఉంది. అది చదవడం మా ఇంట్లో ఎవరివల్లా కాలేదు. రాత్రి తొమ్మిదైంది. ఆసుపత్రి ఫోను ఎవరూ ఎత్తట్లేదు. ఆ రాత్రికి ఏ బిళ్ళా వెయ్యకుండా, వేలమంది ఉన్న ఒక తెలుగు ఆరోగ్య గ్రూపులో ఇలా అడిగాను:

"మా నాయనమ్మకి 68 ఏళ్ళు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ 7.5, ఫోలిక్ యాసిడ్ 5 రాశారు. కవరు మీద రెండింటికీ రాత్రి ఒక బిళ్ళ అని గీత ఉంది. చీటీ మీద ఇంకేదో రాసుంది, అర్థం కావట్లేదు. రెండు బిళ్ళలూ రోజూ వెయ్యాలా? తెలిసినవాళ్ళు చెప్పగలరు."

వచ్చిన జవాబులు దాచిపెట్టుకున్నాను. ఈ పాఠానికి అవే ముడిసరుకు.

మొదటిది: "డాక్టర్‌ని అడగాలని తెలీదా?" రెండోది: "గూగుల్ చచ్చిపోయిందా?" ఇంకొకరు మందు సంగతి వదిలేసి నా భాష పట్టుకున్నారు. "బిళ్ళ ఏంటి బ్రో, టాబ్లెట్ అనలేవా, ఏ అడవి మీది?" అని. అడవి పక్కనే, ఆ మాట నిజమే. మా వైపు ఒకే వీధిలో బిళ్ళ, గోళీ, మాత్ర మూడూ వినిపిస్తాయి. నాయనమ్మకు అది బిళ్ళే. మరొకరు "మీలాంటోళ్ళ వల్లే ముసలోళ్ళు పోతున్నారు" అన్నారు. చివర్లో ఒకాయన చాలా ఆప్యాయంగా, చేతులు జోడించిన బొమ్మ పెట్టి మరీ రాశాడు: "కంగారు పడకండి తమ్ముడూ, రెండూ విటమిన్ లాంటివే, రోజూ వేసుకోవచ్చు, మా అత్తగారు కూడా వాడతారు."

అన్ని జవాబుల్లోకీ మర్యాదగా ఉన్నది ఆ చివరిదే. ప్రాణం తీసేదీ అదే.

ఎందుకో చెప్పాలంటే ఆ రెండు బిళ్ళల కథ చెప్పాలి. ఆ కథలో ఒక తెలుగాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. తర్వాత అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, పరిశోధనకు అధిపతి అయ్యాడు. ఆ జబ్బుకు పనిచేసే ఫోలిక్ యాసిడ్‌ను 1940ల నడిమిలో ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. ఫోలిక్ యాసిడ్ మన ఒంట్లో కొత్త కణాలు పుట్టడానికి కావాలి. అచ్చం దానిలాగే కనిపిస్తూ పనిచెయ్యకుండా అడ్డుపడే అణువులు తయారుచేస్తే? తాళంలో దూరి ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటివన్నమాట. వాటిని కూడా అదే ప్రయోగశాల తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గడం చూసి, 1948లో ప్రకటించాడు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు చనిపోయాడు.

అంటే నాయనమ్మ కవరులో ఉన్నవి ఒకదానికొకటి విరోధులు. ఒకటి కణాల పెరుగుదలను ఆపేది, రెండోది ఆ ఆపడం శ్రుతి మించకుండా కాపాడేది. క్యాన్సర్‌కు పెద్ద మోతాదులో ఇచ్చే మెథోట్రెక్సేట్‌ను కీళ్ళవాతానికి చాలా చిన్న మోతాదులో, వారానికి ఒక్కసారే ఇస్తారు. రోజూ వేస్తే ఎముకల్లోని మూలుగ రక్తకణాలు తయారుచెయ్యడం మానేస్తుంది. నోట్లో పుండ్లు పడతాయి, జ్వరం వస్తుంది, రక్తస్రావం కావచ్చు, మనిషి పోవచ్చు. ఇది మా కల్లూరు సమస్య మాత్రమే కాదు. ఈ పొరపాటు మళ్ళీ మళ్ళీ జరుగుతోందనే 2019లో ఐరోపా మందుల సంస్థ కొత్త జాగ్రత్తలు చెప్పింది. వారానికి ఒకసారి వాడే మెథోట్రెక్సేట్ పెట్టె మీద ఆ సంగతి కొట్టొచ్చినట్టు కనపడాలని, బిళ్ళలు సీసాలో కాకుండా షీట్లలో రావాలని అందులో ఉంది. ఇంగ్లీషు బాగా వచ్చిన దేశాల్లోనే ఈ గతి. పైగా మన దగ్గర మెథోట్రెక్సేట్‌కు ఉన్న బ్రాండు పేర్లలో ఒకటి "ఫోలి" అనే మొదలవుతుంది. ఫోలిక్ యాసిడ్ అనుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు ఆ జవాబుల దగ్గరికి మళ్ళీ వద్దాం. "డాక్టర్‌ని అడగాలని తెలీదా?" అన్న మాటలో సమాచారం సరైనదే. దాన్ని విరిచింది చివరి రెండు ముక్కలు. "డాక్టర్‌ని అడగండి" అంటే సలహా. "అడగాలని తెలీదా" అంటే తీర్పు. తెలుగులో తిట్టకుండానే తిట్టడానికి ఈ ప్రశ్నార్థకం బాగా పనికొస్తుంది. "కళ్ళు లేవా", "చదువుకోలేదా", "ఆ మాత్రం తెలీదా" లాంటి ప్రశ్నలకు జవాబు ఎవరికీ అక్కర్లేదు. "మీలాంటోళ్ళు" కూడా అలాంటిదే. అక్కడ అడిగినవాడు ఒక మనిషి కాదు, ఒక జాతి. ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య నువ్వు, మీరు తేడా కూడా ముందు ఇక్కడే చెడుతుంది. బస్సులో పక్క సీటు పెద్దాయనను ఎవరూ "ఏ ఊరు నీది" అనరు. అదే ఫోను తెర మీద అనేస్తారు.

మనం ఇంజనీరింగ్ వాళ్ళం కాబట్టి ఈ తిట్లకు అలవాటు పడ్డాం. కోడింగ్ డౌటు అడిగితే "ముందు మాన్యువల్ చదివి రా" అనే సంప్రదాయం మనదే. కానీ అక్కడ ఒక వెసులుబాటు ఉంది. ప్రోగ్రాం తప్పయితే కంప్యూటరు ఎర్ర అక్షరాలతో చెప్తుంది, మళ్ళీ రన్ చెయ్యొచ్చు. మెథోట్రెక్సేట్ మొదటి రోజు ఏమీ చెప్పదు. రెండో రోజూ చెప్పదు. చెప్పేసరికి వారం గడిచిపోతుంది. ఈ మధ్యలో తప్పు పట్టుకునే అవకాశం ఇంకెవరికీ లేదు, ఎవరో ఒకరు "ఇది నిజంగా రోజూనా?" అని అడిగితే తప్ప. ఆ అడగడమే ఇక్కడ ఎర్ర అక్షరం. అడిగినవాణ్ణి వెక్కిరిస్తే మనసు నొచ్చుకోవడం చిన్న సంగతి. వాడు రెండోసారి అడగడు, అది పెద్ద సంగతి. లేదా ఆప్యాయంగా మాట్లాడిన మనిషి మాటే నమ్ముతాడు. కటువుగా ఉన్న ఒప్పును, తీయగా ఉన్న తప్పును పక్కపక్కన పెడితే, రాత్రి తొమ్మిదింటికి కంగారులో ఉన్న ఇల్లు దేని వైపు మొగ్గుతుందో ఆలోచించండి.

మర్నాడు పొద్దున్నే చీటీ, బిళ్ళలు పట్టుకుని నాయనమ్మతో సహా దగ్గరలో ఉన్న సర్కారు ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడి ఫార్మసిస్టు చీటీ చూడగానే జవాబు చెప్పలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. "పెద్దమ్మా, నిన్న ఏమైనా వేసుకున్నవా? నోట్లో పొక్కులు ఏమన్నా ఉన్నయా? కిడ్నీ సంగతి ఎప్పుడన్నా చెప్పిన్రా? వేరే బిళ్ళలు, నొప్పుల బిళ్ళలు వాడుతున్నవా?" ఆ చివరి ప్రశ్న ఎందుకో తర్వాత నాకు విడిగా చెప్పాడు. జ్వరానికీ విరేచనాలకీ మన దగ్గర తేలిగ్గా దొరికే కోట్రైమోక్సజోల్ కూడా ఫోలిక్ యాసిడ్ దారికే అడ్డుపడే మందు. మెథోట్రెక్సేట్ వేసేవాళ్ళు దాన్ని కలిపి వాడితే రెండు అడ్డంకులు ఒకచోట పడతాయి. తర్వాత చీటీ మీదున్న నంబరుకు ఆయనే ఫోను కలిపి, తొందరగా ఎత్తకపోతే రెండుసార్లు చేసి, ఖాయం చేసుకున్నాడు. చీటీ మీద మాకు చదవరానిది "వారానికి ఒకసారి" అని ఇంగ్లీషులో పొట్టిగా గీకిన గీత. ఫోలిక్ యాసిడ్ కూడా వారానికి ఒక్కటే, ఆ మర్నాడు.

ఇక్కడే అసలు భాషా సమస్య మొదలైంది. ఫార్మసిస్టు "వారానికి ఒక్కటే పెద్దమ్మా" అన్నాడు. నాయనమ్మ తలూపి, "ఏ వారమైనా ఒక్కటేగా సారూ" అంది.

మనకు వారం అంటే ఏడు రోజులు. వారం అంటే ఆ ఏడింటిలో ఒక రోజు కూడా. "ఇవ్వాళ ఏం వారం?" అని అడిగితే బుధవారం అంటాం. సోమవారం, మంగళవారం, అన్నీ వారాలే. "వారానికి ఒకటి" అన్నది ఆమె చెవిలో "ఒక్కో వారానికి ఒకటి", అంటే సోమవారానికి ఒకటి, మంగళవారానికి ఒకటి అని పడింది. లెక్క వేస్తే ఏడు వారాలకు ఏడు. ఆమె తప్పేం లేదు, తెలుగు అలాగే ఉంది. ఆయన వెంటనే మాట మార్చాడు. "నువ్వు గుడికి ఏ రోజు పోతవు?" అన్నాడు. గురువారం సాయిబాబా గుడికి. "అయితే బాబా గుడికి పోయొచ్చిన రాత్రి ఈ బిళ్ళ. శుక్రవారం ఈ రెండోది. మిగతా రోజులు ఈ డబ్బా ముట్టుకోవద్దు. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను వింటా." ఆమె చెప్పింది. తప్పు లేకుండా చెప్పేదాకా రెండుసార్లు చెప్పించుకున్నాడు. మన ల్యాబు వైవాలో ఇంత ఓపిక నేను చూడలేదు.

చీటీ భాషలో మిగతా ఇబ్బందులు ఎక్కువ భాగం లాటిన్ నుంచి వచ్చాయి. ఓడీ అంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు (కాల్చేది కాదు), టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్‌ఎస్ అంటే పడుకునేటప్పుడు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. మన దగ్గర రోజుకు ఒకసారి అయిన ఓడీ అమెరికా కంటి డాక్టరు చీటీలో కుడికన్ను. అక్కడ ఆసుపత్రుల నాణ్యత చూసే జాయింట్ కమిషన్ 2004లోనే, రోజూ అనడానికి వాళ్ళు వాడే పొట్టి అక్షరాలను నిషేధించి, పూర్తిగా రాయమంది. ఇండియాలో 2016లో మెడికల్ కౌన్సిల్ మందు అసలు పేరును అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని నిబంధన మార్చింది. పరగడుపున, అన్నం తిన్నాక, పూటకు ఒకటి, దినం తప్పించి దినం, ఇలా తెలుగులో మాటలకు కొరత లేదు. అవి కవరు మీదికి రావడానికే దారి లేదు.

అడవి వైపు ఇంకో మెట్టు ఎక్కువ. భద్రాచలం ఏజెన్సీలో మలేరియా పాత శత్రువు. వైవాక్స్ రకం మలేరియాకు క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు. క్లోరోక్విన్‌తో జ్వరం మూడు నాలుగు రోజుల్లో దిగిపోతుంది. దాంతో "జ్వరం పోయిందిగా, ఇంకా బిళ్ళలెందుకు?" అనే ప్రశ్న వస్తుంది. చాలా తెలివైన ప్రశ్న అది. జవాబు: రక్తంలో ఉన్న క్రిములు చచ్చాయి గానీ కాలేయంలో కొన్ని నిద్రపోతూ ఉంటాయి, వారాలో నెలలో ఆగి మళ్ళీ లేస్తాయి, ప్రైమాక్విన్ వాటికోసం. ఈ మాట తెలుగులోంచి కోయ భాషలోకి వెళ్ళాలి. చాలాచోట్ల ఆ పని చేసేది ఆశా కార్యకర్త. ఇంకా ఒకటుంది. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువ ఉన్నవాళ్ళకు ప్రైమాక్విన్ పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. అప్పుడు మందు ఆపి వెంటనే డాక్టరుకు చెప్పాలి. గర్భిణులకు ఈ మందు ఇవ్వరు. అంటే "చెప్పినన్ని రోజులు మింగు, ప్రశ్నలెయ్యకు" అన్న దబాయింపు ఇక్కడ రెండు విధాలా చెడుపు చేస్తుంది. పూర్తిగా వాడాల్సినవాళ్ళు మానేస్తారు, మానెయ్యాల్సినవాళ్ళు భయపడి మింగుతూనే ఉంటారు.

మరి మందు గురించి అడిగితే చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? డాక్టరు తర్వాత ఫార్మసిస్టుది. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ చూసి మందు ఇవ్వాల్సింది రిజిస్టరయిన ఫార్మసిస్టే. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు, మందు ఎలా వాడాలో రోగికి వివరించడం కూడా అతని పనిలో భాగమని చెప్పాయి. షాపులో కౌంటరు మీదున్న కుర్రాడు ఫార్మసిస్టు కాకపోవచ్చు. "ఫార్మసిస్టు గారితో ఒక్క నిమిషం మాట్లాడాలి" అని అడగడం మన హక్కు. ఇంకో తమాషా. చీటీ లేకుండా అమ్మకూడని మందుల షీటు మీద "ఆర్‌ఎంపీ" చీటీ ఉంటేనే అమ్మాలి అనే అర్థం వచ్చే హెచ్చరిక ఉంటుంది. అక్కడ ఆర్‌ఎంపీ అంటే రిజిస్టరయిన వైద్యుడు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అంటే ఎవరో మీకు తెలుసు. అక్షరాలు మూడూ అవే, అర్థం తలకిందులు.

అయినా మనుషులు తెలియనివాళ్ళను అడుగుతూనే ఉంటారు. రాత్రిపూట, ఊళ్ళో డాక్టరు లేనప్పుడు ఇంకేం చేస్తారు? కాబట్టి అడిగేటప్పుడు బ్రాండు పేరు కాకుండా షీటు మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో రాయండి. అమెరికాలో ఉన్న అన్నయ్య "టైలెనాల్" అన్నా, వాళ్ళ డాక్టరు "ఎసిటమినోఫెన్" అన్నా, మన షాపువాడు "డోలో" అన్నా, అది పారసెటమాలే. జలుబు బిళ్ళలో కూడా అదే ఉంటే రోజు మొత్తం మీద ఎంత పడుతోందో ఎవరూ కూడట్లేదన్నమాట. మనిషి వయసు, గర్భం, కిడ్నీ కాలేయం సంగతి, వాడుతున్న మిగతా మందులు చెప్పండి. చీటీ ఫోటో పెడితే పేరు, ఫోను నంబరు, ఆసుపత్రి నంబరు కనపడకుండా చెయ్యండి. వచ్చిన జవాబుల్లో ఎదురు ప్రశ్న వేసినవాళ్ళ మాటకు ఎక్కువ విలువివ్వండి. ఏమీ అడగకుండా "ఏం కాదు, వేసుకోండి" అన్నవాళ్ళ మాట ఎంత తీయగా ఉన్నా పక్కన పెట్టండి.

జవాబు చెప్పే వంతు మనదైతే? మోతాదు మనం చెప్పకూడదు. కానీ చెప్పకపోవడానికి కూడా తెలుగులో పద్ధతులున్నాయి. "డాక్టర్‌ని అడగాలని తెలీదా?" బదులు ఇలా రాయొచ్చు: "నేను డాక్టర్ని కాదండీ, నాకు తెలియదు. మెథోట్రెక్సేట్ చాలామందికి వారానికి ఒకసారే ఇస్తారని విన్నాను, కాబట్టి ఖాయం అయ్యేదాకా వెయ్యకండి. పొద్దున్నే చీటీతో ఫార్మసిస్టును కలవండి. నోట్లో పుండ్లు, జ్వరం ఉంటే మాత్రం ఆగకండి, ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళండి." ఇది టైపు చెయ్యడానికి ఒక నిమిషం పడుతుంది. నాకొచ్చిన జవాబుల్లో "నాకు తెలియదు" అన్న రెండు మాటలు ఒక్కరూ రాయలేదు. అయితే "వేరే మందులన్నిటికీ ఇలాగే ఆపి కూర్చోవచ్చా" అంటే కూడదు. బీపీ, షుగరు, ఫిట్స్ మందులు అనుమానం వచ్చిందని ఆపేస్తే అదో ప్రమాదం. అందుకే ఏ మందు, ఎవరికి అన్నది తెలియకుండా జవాబు లేదు.

మందు పడక ఏదైనా తేడా చేస్తే ఆ సంగతి నమోదు చెయ్యడానికి 2010 నుంచి దేశంలో ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుస్తోంది. ఉచిత నంబరు 1800-180-3024. డాక్టరే చెప్పాలని లేదు, మందు వాడిన మనిషో ఇంట్లోవాళ్ళో చెప్పొచ్చు. రోగులు నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. అది నమోదు కోసం మాత్రమే. ప్రాణం మీదికొస్తే 108కి ఫోను చేసి, మింగిన షీటు, కవరు, చీటీ మూడూ వెంట తీసుకెళ్ళండి.